బోర్డు మీద రాయని వాక్యం

నల్లగుంట్లపాలెంలో బస్సులు ఆగే చోట కరీమున్‌కి ఒక జిరాక్స్ షాపుంది. షాపంటే పెద్దదేం కాదు. ఒక మిషను, ఒక లామినేషన్ పెట్టె, అద్దాల బల్లలో పెన్నులూ స్కేళ్లూ. వెనక గదిలో ఆమె భర్త పీరు పరుపులు కుడతాడు. వాళ్లది దూదేకుల కుటుంబం. పీరు తాత ఊరూరూ తిరిగి దూది ఏకి పరుపులు కుట్టిన మనిషి. పీరు కాలానికి అది చాలక ఆటో సీట్లు, ట్రాక్టరు సీట్లు కూడా వచ్చి చేరాయి. కరీమున్ ఇంటర్ దాకా చదివింది. చదువు ఆగిపోయిందన్న బాధ ఎవరి దగ్గరా వెళ్లబోసుకోలేదు గానీ, అక్షరమున్న కాగితం కంటబడితే వదిలేది కాదు. బజ్జీలు పక్కన పెట్టి పొట్లం చదివే రకం.

ఆ చదివిన వాటిలో వింతగా అనిపించినవి కత్తిరించి లాంగ్‌నోటు పుస్తకంలో అంటించుకునేది. అలా మూడు పుస్తకాలు నిండాయి. వాటి సంగతి ఊరికి తెలిసింది మాత్రం మిషను చెడిపోయిన రోజున. పింఛను కాగితాల కోసం పదిమంది నిలబడి గొణుగుతున్నారు. ఒంగోలు నుంచి మెకానిక్ రావడానికి రెండు గంటలు పడుతుంది. మూతపడ్డ కాన్వెంటు వాళ్లు వదిలేసిన నల్లబోర్డొకటి షాపులో ఉంటే, దాన్ని బయటికి తెచ్చి "మిషను రిపేరులో ఉంది" అని రాసింది. జనం ఇంకా గొణుగుతూనే ఉన్నారు. కింద ఇంకో మాట రాసింది: "చిలక మిరపకాయ ఎందుకు అంత ఇష్టంగా తింటుంది? దానికి కారం తెలియదు గనక."

గొణుగుడు ఆగిపోయింది. చిలక్కి కారం తెలుస్తుందా తెలియదా అని మెకానిక్ వచ్చేదాకా వాదించుకున్నారు.

మర్నాడు మిషను బాగానే ఉంది. అయినా నలుగురు వచ్చి, "ఇవ్వాళ ఏం రాయలేదేం?" అని అడిగారు. అప్పట్నుంచి నాలుగేళ్లుగా రోజూ ఒకటి. నోట్లు కాగితంతో కాదు, పత్తితో చేస్తారని రాస్తే పత్తి రైతులు జేబుల్లోంచి నోట్లు తీసి నలిపి చూసుకున్నారు. పెన్ను మూతకు బొక్క ఎందుకుంటుందో రాసింది: చిన్నపిల్లలు మింగి గొంతులో ఇరుక్కున్నా గాలి ఆడటానికట. రైల్వేస్టేషను బోర్డుమీద ఊరిపేరు కింద సముద్రమట్టం లెక్క రాసి ఉంటుందని రాస్తే, ఒకాయన సింగరాయకొండ పెళ్లికి పోయి, పెళ్లి ఫొటోలు మాని ఆ బోర్డు ఫొటో తీసుకొచ్చి చూపించాడు. మిరప మన పంట కాదు, అయిదొందల ఏళ్లనాడు పరాయి దేశాల నుంచి సముద్రం మీద వచ్చిందని రాసిన రోజున మాత్రం చెంచయ్య గొడవకొచ్చాడు. ఆయనకు నాలుగెకరాల మిరప తోట.

"మరి అంతకుముందు మా పెద్దోళ్లు పప్పులో ఏం వేసుకున్నారమ్మాయ్?" అన్నాడు.

"మిరియాలు, బాబాయ్."

ఆయన కాసేపు ఆలోచించి, "అందుకనా దీన్ని మిరపకాయ అన్నది," అని బెంచీ మీద కూర్చుండిపోయాడు. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే మొదట వచ్చేది ఆయనే.

రెండోవాడు జోసఫ్. కూలి పనులకు పోతూ సైకిలు దిగి, బోర్డు మొత్తం చదివి, పొలంలో ముఠాకంతా చెప్పేవాడు. ఏడో తరగతి చదివాడు. చదివింది మర్చిపోకుండా ఉండటానికే రోజూ చదువుతానని ఒకసారి అన్నాడు. హైస్కూలు టీచరు శ్రీరమ్య బస్సు కోసం నిలబడి బోర్డును ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు "కరీమున్ బోర్డు" అని పిలవడం మొదలుపెట్టారు. కాపీలు తీసే మనిషికి అది తక్కువ గౌరవం కాదు. కరీమున్ పైకి ఏమీ అనేది కాదు గానీ, పొద్దున్నే తడిగుడ్డతో బోర్డు తుడిచేటప్పుడు ఆమె మొహం చూస్తే తెలిసేది.

ఆగస్టు నెల. వానలు పడి కలుపు పనులు జోరుగా ఉన్నాయి. ఆ మంగళవారం పదిన్నరకి ఆటో ఆపి మార్కు గబగబా షాపులోకి వచ్చాడు. మార్కు జోసఫ్‌కి తమ్ముడు, ఆటో నడుపుతాడు.

"అక్కా, ఆధారు, ఆరోగ్యశ్రీ కార్డు, రెండేసి కాపీలు. రెండు పక్కలా తీయి. తొందరగా."

"ఎవరికి బాగాలేదు?"

"మా వదినకి. పాము కరిచింది."

కరీమున్ కార్డు అద్దం మీద పెట్టింది. మార్కు చెప్పుకుంటూ పోయాడు. తెల్లారుతూనే జోసఫ్ భార్య ఆదెమ్మ పొయ్యిలోకి పత్తికట్టె తీస్తుంటే మోపులోంచి వేలు మీద కరిచింది. చీమ కుట్టినంత నొప్పి కూడా లేదట. వాపు లేదు. జోసఫ్ కర్ర తీసుకునేలోపల పాము కంచెలోకి పోయింది. నల్లది, తెల్ల చారలు. ఏం కాలేదులే అని ఇద్దరూ కలుపుకి పోయారు. తొమ్మిదింటికి ఆదెమ్మ కడుపు పట్టుకుని గట్టు మీద కూర్చుంది. కాసేపటికి కళ్లు మూతలు పడిపోతున్నాయంది. మాట ముద్దగా వచ్చింది. మండలం ఆసుపత్రిలో విరుగుడు ఇంజక్షన్లు మొదలుపెట్టి, వన్‌నాటెయిట్ అంబులెన్సులో ఒంగోలు పంపించారు.

"పొద్దున్నే తీసుకుపోవాల్సింది కదా, మార్కూ."

"అదే కదక్కా. చారలుండేవన్నీ విషప్పాములు కావని నీ బోర్డు మీద ఉందంట కదా. మా అన్న అదే అన్నాడు. వాపు కూడా లేదు, ఇది ఆ విషం లేని పామే అన్నాడంట."

మార్కు మాటలో నిష్ఠూరమేమీ లేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. మిషను లోంచి వచ్చిన కాగితం మీద ఆదెమ్మ మొహం సగమే పడింది. కార్డు వంకరగా పెట్టింది కరీమున్. మళ్లీ తీసింది. రెండోసారీ వంకరగానే వచ్చింది. మార్కే లోపలికి వచ్చి కార్డు సరిచేసి పెట్టాడు.

ఆటో పోయాక ఆమె బల్ల కింద నుంచి మూడో పుస్తకం తీసింది. శుక్రవారం రాసిన ముక్క అది. పేజీ దొరికింది. ఏదో పేపరు ఆదివారం అనుబంధంలోది, చిన్న బాక్సు వార్త. "కట్లపాములాగే చారలుండే మరో పాము మన ఇళ్ల దగ్గర తిరుగుతుంది. దానికి విషం లేదు. పాపం, పోలిక వల్ల చంపేస్తుంటారు." ఆమె బోర్డు మీద రాసింది అక్కడి దాకా. పేపర్లో ఇంకో వాక్యం ఉంది. "అయితే చూసి తేడా పట్టడం నిపుణులకే కష్టం, కట్లపాము కరిస్తే నొప్పి, వాపు ఉండకపోవచ్చు కనుక ఏ పాము కరిచినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి."

ఆ వాక్యం రాయకపోవడానికి కారణం ఆమెకు గుర్తుంది. చోటు చాల్లేదు. చోటెందుకు చాల్లేదంటే, కింద పాము బొమ్మ వేసింది. రంగు సుద్దలు కొత్తగా వచ్చాయి. చారలు ఒక్కొక్కటే దిద్ది, బాగా కుదిరిందని రోడ్డుకి అవతల నిలబడి మరీ చూసుకుంది.

పీరు వెనక గదిలోంచి సూది పట్టుకునే వచ్చాడు. మార్కు మాటలు అతనికీ వినపడ్డాయి. పుస్తకంలో ఆమె వేలు పెట్టిన చోట చదివి, పుస్తకం మూసేశాడు.

"ఇది ఎవరికీ చూపించబాకు," అన్నాడు. "పాముని మనం పంపించామా? పేపర్లో ఉన్నది రాశావు."

"పేపర్లో ఉన్నదంతా రాయలేదండీ."

"ఆ సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు? ఆమెకేమన్నా అయితే ఊరు ఊరంతా మన మీదకొస్తుంది. నువ్వు కాస్త కుదురుగా ఉండు."

కుదురుగా ఉండాలనే చూసింది. కుర్చీలో కూర్చుంది. కూర్చుంటే ఇంకో ఆలోచన వచ్చింది. వానాకాలం. ప్రతి ఇంట్లోనూ కట్టెల మోపులున్నాయి. ఆ బోర్డు చదివింది జోసఫ్ ఒక్కడేనా? శ్రీరమ్యకి ఫోన్ చేసింది. ఆమె క్లాసులో ఉండి రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తింది.

"శ్రీరమ్యా, ఆ పాము బోర్డు ఎక్కడెక్కడ పెట్టావమ్మా?"

"నాలుగు గ్రూపుల్లో అక్కా. ఎందుకు? దానికి చాలా పేరొచ్చింది. వాళ్లు ఇంకా ఎక్కడెక్కడికో పంపుకున్నారు. కొత్తపట్నంలో మా పిన్నికి కూడా వచ్చిందట."

కరీమున్ ఫోన్ పెట్టేసి తడిగుడ్డ తీసుకుంది. ఆ పొద్దున రాసిన దాన్ని, ముప్పై ఎనిమిది నిమిషాల్లో ముగిసిన యుద్ధం సంగతిని, తుడిచేసింది. సుద్ద తీసుకుంది. పెద్ద అక్షరాలతో రాసింది.

"శుక్రవారం పాముల గురించి నేను రాసింది సగమే. ఏ పాము కరిచినా, నొప్పి లేకపోయినా, వాపు లేకపోయినా, ఉన్నపళంగా ఆసుపత్రికి పోవాలి. ఈ మాట ఆ రోజు రాయకపోవడం నా తప్పు. కరీమున్."

పీరు గుమ్మంలో నిలబడి చదివాడు. "తప్పు నాదేనని నీ చేత్తో నువ్వే రాసిస్తున్నావు," అన్నాడు మెల్లగా. తుడిచెయ్యమని మాత్రం అనలేదు. లోపలికి పోయి చొక్కా మార్చుకొచ్చాడు. "పద, బస్సు వచ్చే వేళైంది. నువ్వొక్కదానివి పోవద్దు."

శ్రీరమ్యకి కొత్త బోర్డు ఫొటో పంపించి, ముందు ఎన్ని చోట్ల పెట్టిందో అన్ని చోట్లా ఇది పెట్టమంది. బస్సెక్కేలోపల బెంచీ దగ్గర జనం చేరారు. చెంచయ్య బోర్డు చదివి కరీమున్ వైపు చూశాడు. వెనక ఎవరో, "తెలిసీ తెలియనివి రాయడం ఎందుకంట," అనడం ఆమెకు స్పష్టంగా వినపడింది.

చీమకుర్తి దగ్గర గ్రానైటు రాళ్ల లారీలు అడ్డంపడి బస్సు ఇరవై నిమిషాలు కదల్లేదు. ముందు లారీలో ఇంటిగదంత నల్లరాయి. దాన్ని కోసి సానబెడితే లోపల చుక్కల్లా మెరుస్తుందని, దేశదేశాలకు పోతుందని ఒకప్పుడు రాసింది కరీమున్. ఇప్పుడు దాన్ని చూస్తుంటే, ఆ రోజు కూడా చివర ఏమన్నా వదిలేశానా అన్న అనుమానం పట్టుకుంది. మార్కుకి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఎత్తకపోవడానికి వంద కారణాలుంటాయని పీరు అన్నాడు. ఆమెకు ఒక్కటే తోచింది.

ఒంగోలు పెద్దాసుపత్రిలో లోపలి వార్డు బయట గోడకానుకుని జోసఫ్ నేలమీద కూర్చుని ఉన్నాడు. కాళ్లకు ఇంకా చేలో మట్టి ఉంది. ఆదెమ్మకు ఊపిరి ఆడటం లేదని గొంతులో గొట్టం వేసి మిషను మీద పెట్టారట. రెండు మూడు రోజులు గడిస్తేగానీ ఏమీ చెప్పలేమన్నారట.

కరీమున్ అతని ముందు చతికిలబడింది. దారంతా ఏం చెప్పాలో అనుకుంటూనే వచ్చింది. అదేదీ గుర్తురాలేదు. సంచిలోంచి పుస్తకం తీసి, పేజీ తెరిచి అతని చేతికిచ్చింది.

"అన్నా, ఈ చివరి వాక్యం చదువు. ఇది నేను బోర్డు మీద రాయలేదు."

జోసఫ్ పెదాలు కదుపుతూ చదివాడు. మళ్లీ చదివాడు.

"ఎందుకు రాయలేదమ్మా?" అన్నాడు.

"చోటు చాల్లేదు. బొమ్మ వేశాను."

జోసఫ్ తలూపాడు. తర్వాత, "ఆ బొమ్మ చూసే గుర్తుపట్టాను నేను," అన్నాడు. "ఆసుపత్రికి పోదామని ఆదెమ్మ అంది. నేనే వద్దన్నాను. నీకేం తెలుసు, నేను చదివానన్నాను."

పుస్తకం ఆమెకు తిరిగిచ్చేసి, లేచి, నడవా చివర కిటికీ దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడ్డాడు. కరీమున్ అతని వెనక పోలేదు. పీరు పోయి పక్కన నిలబడ్డాడు. సాయంత్రం బస్సుకి ఊరికొచ్చేశారు.

ఆ మూడు రోజులూ కరీమున్‌కి అన్నం సయించలేదు. షాపు ముందు ఏ ఆటో ఆగినా మార్కుదేమోనని లేచి నిలబడేది. మార్కుది కాకపోతే ఊపిరి పీల్చుకునేది, మళ్లీ వెంటనే ఇంకోటి వస్తుందని భయపడేది. బోర్డు మీద మంగళవారం మాటలే ఉన్నాయి. జల్లు పడి అక్షరాలు చెదిరితే మళ్లీ దిద్దింది. కొత్తది రాయలేదు.

చేతులు ఊరికే ఉంచలేక మూడు పుస్తకాలూ ముందేసుకుని, నాలుగేళ్లలో రాసినవన్నీ ఒక్కొక్కటే సరిచూడటం మొదలుపెట్టింది. చోటు చాలక తోక కత్తిరించినవి పదకొండు దొరికాయి. చాలావాటితో ఎవరికీ ఏ హానీ లేదు. ఒకటి దగ్గర మాత్రం ఆగిపోయింది. "తేనె ఎన్నేళ్లున్నా చెడిపోదు" అని వేసవిలో రాసింది. దాని పక్కనే, ఏడాది నిండని పిల్లలకు తేనె పెట్టకూడదని ఉంది. అది రాయలేదు. ఎదురు వీధిలో మాధురికి అయిదు నెలల పాప ఉంది. షాపు తెరిచినది తెరిచినట్టే వదిలేసి పరుగులాంటి నడకతో పోయింది.

"పాపకి తేనె పెట్టావా, మాధురీ?"

మాధురి ఆమె వాలకం చూసి కంగారుపడింది. "నేను పెట్టలేదక్కా. పుట్టిన రోజున మా అత్త నాలిక మీద రాసింది, అంతే. అది నీ బోర్డు కంటే ముందే. ఏం, ఏమైంది?"

"ఇంకెప్పుడూ పెట్టకండి. ఏడాది దాకా పెట్టకూడదంట."

"సరే అక్కా. కూర్చో, మంచినీళ్లు తాగు. నీ మొహం చూశావా అసలు?"

ఆమె కూర్చోలేదు. పాపను ఒకసారి చేతుల్లోకి తీసుకుని, అది బోసినోటితో నవ్విందాకా చూసి, వచ్చేసింది.

శుక్రవారం మధ్యాహ్నం మార్కు ఆటో ఆగింది. మార్కు దిగేలోపల ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. మార్కు మొహం చూసి ఏమీ పోల్చుకోలేకపోయింది. మూడు రోజులుగా నిద్రలేని మొహం.

"కళ్లు తెరిచిందక్కా," అన్నాడు. "రెప్పలు ఎత్తి మా అన్న వైపు చూసింది. చేతివేళ్లు కూడా కదుపుతోంది. రేపో ఎల్లుండో గొట్టం తీసేస్తామన్నారు."

కరీమున్ కూర్చుండిపోయింది. ఏడుపు రాలేదు. ఆకలేసింది. పీరు వెనక గదిలోంచి వచ్చి, తన టిఫిన్ డబ్బా మూత తీసి ఆమె ముందు పెట్టాడు.

ఆదెమ్మ ఇంటికి వచ్చింది పన్నెండో రోజున. ఇంకో నెలకి పనిలోకి పోయింది. పోయే ముందు రోజు డిశ్చార్జి కాగితాలు కాపీ తీయించుకోవడానికి తనే నడుచుకుంటూ షాపుకొచ్చింది. గొంతు ఇంకా బొంగురుగా ఉంది. కరీమున్ బల్ల వెనక నుంచి ఇవతలికొచ్చి కుర్చీ వేసింది.

"వదినా, నా వల్ల..."

"తెలుసులే. మీ అన్న చెప్పాడు," అంది ఆదెమ్మ. "నాకు కోపం రాలేదని చెప్పను. వచ్చింది. మిషను మీద ఉన్నప్పుడు నీ మీదా, ఆయన మీదా, ఇద్దరి మీదా వచ్చింది."

"అప్పుడు నీకు తెలివుందా?"

"అదే కదా చెప్పేది. అంతా వినపడతానే ఉందమ్మా. పక్కన నర్సమ్మలు మాట్లాడుకునేది, మీ అన్న వేడుకునేది, అంతా. కళ్లు తెరుద్దామంటే రెప్ప లేవదు. వేలు కదుపుదామంటే కదలదు. ఎవరో వచ్చి, ఇంకేముందిలే అన్నారు. ఉన్నానురా అని లోపల అరుస్తానే ఉన్నా. బయటికి రాదు."

కరీమున్ మిషను దగ్గరికి పోయింది. కాపీలు తీసి, అంచులు సమంగా సర్ది, కవరులో పెట్టి ఇచ్చింది. ఆదెమ్మ వాటిని ఒళ్లో పెట్టుకుంది.

"ఇది రాయి," అంది. "అట్టా పడున్నోళ్లకి వినపడతదని. తెలియక దగ్గర నిలబడి ఏదంటే అది అంటారు జనం."

"రాయమంటావా? మళ్లీ రాయమంటున్నావా నువ్వు?"

"నాకు చదువు రాదు గదా. నువ్వు రాస్తేనే మీ అన్న చదివి చెప్తాడు. కాకపోతే అంతా రాయి."

ఆ రాత కరీమున్‌కి రెండు రోజులు పట్టింది. మండలం ఆసుపత్రికి పోయి అక్కడి డాక్టరమ్మను అడిగింది. కట్లపాము విషం ఒంటిని కదలనీయదని, చాలామందికి తెలివి మాత్రం ఉంటుందని, వినపడుతూనే ఉండవచ్చని ఆమె చెప్పింది. "వినపడుతుంది" అని కాక, "వినపడవచ్చు" అని రాసింది కరీమున్. బొమ్మ వెయ్యలేదు. బోర్డు నిండిపోతే రెండో బోర్డు కొనుక్కొచ్చి పక్కన పెట్టింది. చెంచయ్య రెండూ చదివి, "ఇంత పొడుగైతే ఎవరు చదువుతారమ్మాయ్," అని విసుక్కున్నాడు. చదవకుండా మాత్రం కదల్లేదు.

జోసఫ్ సైకిలు చాలాకాలం ఆగలేదు. ఆ దారినే పోయేవాడు, తల తిప్పేవాడు కాదు. కరీమున్ రోజూ ఆ వేళకి గుమ్మం వైపు చూసి, చూడనట్టు మిషను మీద దుమ్ము తుడిచేది. మిరపకోతలు మొదలైన జనవరిలో ఒక పొద్దున సైకిలు ఆగింది. స్టాండు వేసి, చేతులు వెనక్కి కట్టుకుని, పెదాలు కదుపుతూ రెండు బోర్డులూ మొదట్నుంచి చివరిదాకా చదివాడు. బాగా సన్నబడ్డాడు. చదవడం అయ్యాక గుమ్మం దాకా వచ్చాడు.

"ఇంతేనా అమ్మా, ఇంకేమన్నా ఉందా?"

"ఇంతే అన్నా."

అతను తలూపి సైకిలెక్కాడు. మర్నాడూ వచ్చాడు. అప్పుడూ అదే అడిగాడు. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు. ఆ మాటలో కోపముందో, నమ్మకముందో, ఉత్త అలవాటో కరీమున్‌కి తెలియదు, అడిగి తెలుసుకునే ధైర్యమూ లేదు. ఇంతే అన్నా అని చెప్తుంది. అతను మలుపు తిరిగి కనపడకుండా పోగానే లోపలికి పోయి, పుస్తకం తీసి, ఆ రోజు కాగితాన్ని చివరి చుక్క దాకా మళ్లీ ఒకసారి చదువుతుంది.